దిగులేసి తిన్న బోండాలు

ధర్మవరం

హిందూపురం కాలేజీలో తిండి చదువు, మనసు చదువు రెండూ చెప్పించే పెద్ద మేడమ్ గారికి,

ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసే ఆంజనప్ప నమస్కారం పెట్టి రాస్తాండేది. ఈడ మా మగ్గాలు ఆడతాండాయి, మేమూ బాగానే ఉండాము. మీరూ అట్లే ఉండారనుకుంటా.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వుకోవద్దండి. మీ కాలేజీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాంది. అన్నీ నొక్కినా. కడాకు మీ హాస్టల్లో వంటచేసే ఆయప్ప ఎత్తి, ఈ పొద్దుకు పప్పు అయిపోయిందని పెట్టేసినాడు. వాట్సాప్‌లో అడుగుదామంటే నా ఫోన్ మావాడు సురేంద్ర చూస్తాంటాడు. వాని గురించే ఈ సంగతి.

వానికి పెండ్లి సంబంధాలు చూస్తాండాం. రొద్దం ఊరి పాప, పేరు కల్పన, మీ దగ్గర ఎమ్మెస్సీ రెండో సంవత్సరం అని సంబంధాలు చెప్పే మనిషి ఫోటో తెచ్చినాడు. పాప బాగుండాది. ఏం చదువప్పా అంటే "న్యూట్రిషనూ కౌన్సెలింగూ కలిపి" అన్నాడు. ఆడ పుట్టింది నాకు బెదురు. మా బజార్లో న్యూట్రిషన్ అని బోర్డు పెట్టి డబ్బాల్లో పొడి అమ్ముతారు. అది తాగి మా పక్కింటాయప్ప చిక్కినాడు, ఆయప్ప పర్సు ఇంకా చిక్కింది. కౌన్సెలింగ్ అంటే నాకు తెలిసింది పోలీసోళ్ళు ఇచ్చేదే. మా వీధిలో ఒకాయప్పకు ఇచ్చి పంపినారు, శానా దినాలు నిలబడే టీ తాగినాడు.

కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. పాప పొడి అమ్ముతుందా, కొడుతుందా?

ఇట్లు,
మగపిల్లోని తండ్రి
ఆంజనప్ప

తా.క. సంగటి ఉండలు కట్టకుండా కెలకడం మీ సిలబస్‌లో ఉందా లేదా, అదీ రాయండి.

హిందూపురం

ఆంజనప్ప గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి. మా విద్యార్థుల సొంత విషయాలు నేను బయటికి చెప్పకూడదు. చదువు గురించి మాత్రం సంతోషంగా చెప్తాను.

షుగరున్న మనిషిని అన్నం తగ్గించమని ఎవరైనా చెప్పగలరు. చెప్పినా ఆయన ఎందుకు తగ్గించలేకపోతున్నాడో కూర్చుని కనుక్కునేవాళ్ళు తక్కువ. కాన్పయ్యాక దిగులుపడి ముద్ద మింగని తల్లి ఉంటుంది. పరీక్షల భయంతో డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చే పిల్ల ఉంటుంది. వీళ్ళకు ఏం తినాలో రాసిస్తే చాలదు, ధైర్యం చెప్పి పంపినా చాలదు. రెండూ తెలిసిన మనిషి ఒకరు కావాలి. అలాంటివాళ్ళను తయారుచేయడమే మా పని. వాళ్ళు పొడి అమ్మరు. ఎవరినీ కొట్టరు.

ఇప్పుడు రెండో ఏడాది పిల్లలందరూ మంగళ, శుక్రవారాలు పెనుకొండలో ఒక ఆస్పత్రిలో ఉంటున్నారు. ఎప్పుడూ పెద్ద డాక్టర్ల కళ్ళముందే ఉంటారు కాబట్టి భయపడాల్సిందేమీ లేదు.

గౌరవంతో,
ఉమారాణి
కోర్సు బాధ్యురాలు

తా.క. సంగటి కెలకడం సిలబస్‌లో లేదు. ఇంట్లో ఎవరు కెలకాలో గొడవ పడకుండా మాట్లాడుకోవడం ఉంది.

ధర్మవరం

ఉమారాణి మేడమ్ గారికి,

అయ్యో అమ్మా! తరగతికి తరగతే ఆస్పత్రిలో పడిందా? డాక్టర్ల కళ్ళముందే ఉండారు, భయం లేదని మీరు గుండె చిక్కబట్టుకొని రాసినారు గానీ, అది చదివి మా ఇంటామె కుళ్ళాయమ్మ పీటమీద కూలబడింది.

తప్పు మీది కాదులేమ్మా. రంగులద్దే మనిషి చేతికి రంగు అంటకుండా ఉంటుందా? పొద్దస్తమానం ఎవరెవరి దిగుళ్ళో చదివితే చిన్నపిల్లోళ్ళు తట్టుకోవద్దా? సగం సగం చదివింటే బాగుండు.

కుళ్ళాయమ్మ గంగమ్మకు మొక్కుకునింది. పిల్లోళ్ళకని తాయెత్తులు పంపుతాండా, తరగతికంతా సరిపోతాయి. రేపు మంగళవారం నేనే రైలెక్కి పెనుకొండకు పోయి పాపను చూసొస్తా. సంబంధం అట్లుండనీ, ఆ పిల్లను కన్నోళ్ళు ఎంత అల్లాడతాండారో!

ఇట్లు,
మనసు బాగలేని
ఆంజనప్ప

తా.క. చీనీకాయలు తీసకపోతాండా. తిండి చదివినోళ్ళు చీనీకాయలు తింటారా, లేక వాటిల్లో కూడా ఏమన్నా కనిపెట్టినారా?

హిందూపురం

ఆంజనప్ప గారూ,

దయచేసి రైలెక్కకండి!

మా పిల్లలకు ఏ జబ్బూ లేదు. వాళ్ళు ఆస్పత్రిలో పడిలేరు, ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. వచ్చే పేషంట్లతో మాట్లాడి, వాళ్ళ తిండీ మనసూ రెండూ తెలుసుకుని, డాక్టర్లతో కలిసి దారి చెప్తారు. నేను సరిగా రాయలేదు, తప్పు నాదే. కల్పనను చూడాలని మాత్రం అక్కడికి పోకండి. పేషంట్ల కోసం వేసిన కుర్చీలో పెళ్ళిచూపులు బాగుండవు.

మీ ఇంట్లో ఆమెకు నా నమస్కారాలు. ఆమెను పీటమీంచి లేవమనండి.

తొందరలో,
ఉమారాణి

తా.క. తాయెత్తులు అందాయి. ఎవరు పంపారో, ఎందుకో పిల్లలకు చెప్పలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయని తలా ఒకటి కట్టుకున్నారు. యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు కాబట్టి ఒకటి నేనూ ఉంచుకున్నాను.

ధర్మవరం

ఉమారాణి మేడమ్ గారికి,

మీ ఉత్తరం చేతికొచ్చేసరికి నేను పెనుకొండకు పోయొచ్చినా. జరిగిందంతా దాచకుండా రాస్తాండా. తిట్టాలనుకుంటే మొత్తం చదివినాక తిట్టండి.

పోయినాను గదా, ఆడ ఒకరు కూడా పడకేసి కనపడలేదు. తెల్లకోట్లేసుకుని పిల్లోళ్ళు చలాకీగా తిరుగుతాండారు. ఊరికే చూస్తా నిలబడితే బాగుండదని చీటీ రాసే కిటికీ కాడికి పోయి, నా పేరుకు బదులు మా బావమరిది పేరు, సుబ్బరాయుడని చెప్పినా. ఏం బాధంటే తిండి లోపలికి పోలేదని చెప్పినా. ఆడుండే ఆయమ్మ నా పొట్టను చూసి, "ఏం పోలేదూ?" అని మళ్ళీ అడిగింది.

కల్పన కాడికే పంపినారు. లోపలికి పోతానే పాప లేచి, "కూర్చోండి పెదనాయనా" అనింది. నేను పెదనాయననైతే మా సురేంద్ర ఆ పాపకు అన్న అవుతాడు గదమ్మా! "మామా అను తల్లీ" అని నోటి దాకా వచ్చింది, మింగేసినా.

పక్కన ఇంకో కుర్చీలో డాక్టరమ్మ కూర్చొని చూస్తాంది. పాప అడిగింది: "నిన్న పొద్దున లేచినప్పట్నుంచి ఏమేం తిన్నారు పెదనాయనా?" సంగటి, ఆకుకూర, మజ్జిగ అని మంచి పిల్లోని మాదిరి చెప్పినా. "సాయంత్రం?" అనింది. నేను గోడకు చూసినా. పాప మళ్ళీ అడగలేదు. కసురుకోలేదు. ఊరికే కూర్చునింది, మొగం మాత్రం నా తట్టే ఉండాది. అట్ల ఎవరన్నా మన మాట కోసం కాచుకొని కూర్చుంటే ఎంతసేపని దాస్తాం? "బోండాలు తల్లీ, రెండు ప్లేట్లు" అని చెప్పేసినా.

"రెండెందుకు?" అనింది.

మేడమ్, ఈ సంగతి నేను కుళ్ళాయమ్మకు కూడా చెప్పలేదు. సంజీవప్ప అని నాతో పాటు మగ్గం నేర్చుకున్నోడు. మీసాలు రాకముందు నుంచి సాయంత్రమైతే ఇద్దరం బోండాల అంగడికి పోయేవాళ్ళం, తలా ఒక ప్లేటు. పోయిన వానకాలంలో గుండె ఆగి పోయినాడు. అంగడాయప్ప అలవాటు కొద్దీ ఇంకా రెండు ప్లేట్లే పెడతాడు. ఒకటి వెనక్కి తీసకపో అనేదానికి నాకు నోరు రాదు. వాని వంతు కూడా నేనే తింటాండా.

అప్పుడు ఆ పాప అడిగింది: "పెదనాయనా, అవి ఆకలేసి తింటాండారా, దిగులేసి తింటాండారా?"

సంజీవప్పను సాగనంపిన పొద్దు కూడా నేను ఏడ్వలేదు. పెనుకొండలో, ఇంగొకరి పేరు చెప్పుకొని, ముక్కూమొగం తెలియని పాప ముందర ఏడ్చినా. పాప ఊరుకో అనలేదు. నీళ్ళిచ్చింది. అంతా అయినాక డాక్టరమ్మతో మాట్లాడి షుగరు చూపించింది. ఉండాల్సిన దానికన్నా శానా ఉండాదంట. అయినా బోండాలు మానమని అనలేదమ్మా! మనిషి పోయిన తావులో బోండా పెట్టుకున్నారు, ఉన్నట్టుండి అదీ తీసేస్తే ఆడ ఏముంటుంది అనింది. సంగటి ముద్ద చిన్నది చేసి, అనుములు, ఆకుకూర ఎక్కువ పెట్టుకోమనింది. సంజీవప్పను ఎరిగినోళ్ళతో వాని గురించి మాట్లాడమనింది. వచ్చే వారం శుక్రవారం మళ్ళీ రమ్మనింది.

ఇంక నాకు ఏ అనుమానమూ లేదు. కోడలంటే ఇట్లాంటి పాపే కావాల. ముహూర్తం పెట్టించేదా?

ఇట్లు,
సుబ్బరాయుడనే
ఆంజనప్ప

తా.క. చీనీకాయలు పాపకు ఇచ్చేది మర్చిపోయినా. రైల్లో నేనే తినేసినా. ఆకలేసే తిన్నానమ్మా, ఒట్టు.

హిందూపురం

ఆంజనప్ప గారికి నమస్కారం.

తిట్టడానికే కలం పట్టుకున్నాను. సంజీవప్ప గారి సంగతి మళ్ళీ చదివాక చెయ్యి రాలేదు.

కల్పన ఆ రోజు ఎవరిని చూసిందో నాకు మీ ఉత్తరం వల్లే తెలిసింది. ఆమె మాతో ఏదైనా చర్చించినా పేర్లు చెప్పదు. ఆమె ఊరికే కూర్చున్నదని రాశారే, అది ఊరికే రాదు. ఒకరి ముందు ఒకరు కూర్చుని, ఎదుటి మనిషి మాట కోసం ఆగడం మా పిల్లలు ఒక సెమిస్టరంతా నేర్చుకుంటారు. పోషకాల లెక్కల కన్నా అదే కష్టమంటారు. మీ ఉత్తరం చదివాక ఆ సెమిస్టరు వృథా కాలేదని నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇప్పుడు కష్టమైన మాట. మా చదువులో గట్టి నియమం ఒకటుంది. తన దగ్గర మనసు విప్పుకున్న మనిషితో కౌన్సెలర్ చుట్టరికం కలుపుకోకూడదు. మీరు పేషంటుగా ఉంటే పెళ్ళి మాట ఇక ఎత్తకూడదు. సంబంధమే కావాలంటే కల్పన దగ్గరికి వెళ్ళడం ఇప్పుడే ఆపాలి. మిమ్మల్ని ఇంకొకరికి అప్పజెప్తాం. అప్పుడైనా కుదురుతుందో లేదో మా కమిటీ చెప్పాలి, అన్నిటికన్నా ముందు కల్పన చెప్పాలి. ఆ అమ్మాయిని ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. ఏది ఎంచుకున్నా మీ అసలు పేరు, వచ్చిన పని ఆమెకు చెప్పండి.

రెండూ కావాలంటే మాత్రం వీలుపడదు. బాగా ఆలోచించి రాయండి.

మీ మేలు కోరే
ఉమారాణి

తా.క. ఇన్ని ఉత్తరాల్లో సురేంద్ర గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. పెళ్ళి అతనిదే కదా?

ధర్మవరం

ఉమారాణి మేడమ్ గారికి,

మీ ఉత్తరం జోబీలో పెట్టుకొని మగ్గం మీద కూర్చుంటే పోగులు తెగిపోతాండాయి. లేచి వీధిలోకొచ్చినా. ఎటు పోతాండానో తెలియకుండానే సంజీవప్ప ఇంటి ముందర నిలబడినా. వాడు పోయినాక ఆ గడప తొక్కలేదమ్మా నేను. వాని భార్య మారెమ్మ నన్ను చూసి, "ఇప్పుడు గుర్తొచ్చినామా అన్నా?" అనింది. లోపల కూర్చున్నాం. వాడు వాళ్ళ పెండ్లిలోనే నిద్రపోయి తలంబ్రాలప్పుడు కూడా లేవలేదని ఆమె చెప్పింది. మగ్గం నేర్చుకునేటప్పుడు చీరలోకి తన చొక్కా అంచు కూడా కలిపి నేసేసినాడని నేను చెప్పినా. నవ్వినాం. ఏడ్చినాం. పొద్దుగూకినాక బోండాల అంగడి మీదుగానే ఇంటికొచ్చినా. అంగడి దాటినట్టు ఇల్లు చేరినాక తెలిసింది.

శుక్రవారం పెనుకొండకు పోయి కల్పనకు నిజం చెప్పినా. పేరు చెప్పినా, ఫోటో సంగతి చెప్పినా, తాయెత్తుల సంగతి కూడా. పాప మొగం ఎర్రబడింది. చేతికుండే తాయెత్తును ఒకసారి చూసుకునింది. "నాకు కోపంగా ఉండాది పెదనాయనా" అని నిమ్మళంగా చెప్పింది. అరవకుండా కోపం చెప్పొచ్చునని ఆ పొద్దే తెలిసింది నాకు. కాసేపటికి, "షుగరు మాత్రం మీ పేరుమీదే రాయించండి, పాపం సుబ్బరాయుడికి ఎందుకు?" అని నవ్వింది. మేడమ్‌ను అడిగినాకే మిగతా మాటలు అనింది.

సురేంద్రనూ అడిగినా. నాకు ఫోటో కూడా చూపించలేదు గదా నాయనా అన్నాడు. జోబీలోంచి తీసిచ్చినా. చూసి, "పాప బాగుండాది. నాకిప్పుడే పెండ్లి వద్దు. నువ్వు పెనుకొండకు పోయొచ్చినప్పట్నుంచి ఇంట్లో కేకలు లేవు, అది చాలు" అని ఫోటో మళ్ళీ నా చేతికే ఇచ్చినాడు. ఇన్నేండ్లలో మేము ఇద్దరం అంతసేపు మాట్లాడుకునింది లేదు.

ఆలోచించి రాయమన్నారు. రాస్తాండా. ఈ సంబంధం నాకు వద్దు మేడమ్. కోడలు యాడో ఒక తావున పుట్టే ఉంటుంది. నా మాట వినేదానికి ఒక సెమిస్టరంతా చదువుకున్న మనిషి నాకు మళ్ళీ యాడ దొరుకుతుంది? కోడలైతే ఆ పాప నాకు అన్నం పెడుతుంది. పేషంటునైతే ఆ అన్నం ఎట్ల తినాల్నో చెప్తుంది. మీరూ పాపా ఒప్పుకుంటే నన్ను పేషంటుగానే ఉంచండి. సంబంధాలు చెప్పే మనిషికి ఫోటో వాపసు ఇచ్చేసినా. ఏం లోపమప్పా పాపలో అని అడిగినాడు. ఏ లోపమూ లేదు, అందుకే అని చెప్పినా. నన్ను ఒక మాదిరిగా చూసి పోయినాడు.

ఇట్లు,
సొంత పేరుతో
ఆంజనప్ప

తా.క. ఇదంతా కుళ్ళాయమ్మకు చెప్తే అలిగింది. "అంత మంచి పాపను ఇంటికి రానీకుండా చేసి, నువ్వు మాత్రం వారం వారం పోయి చూసొస్తావా?" అంటాంది. వచ్చే శుక్రవారం ఆమె కూడా వస్తాదంట, ఆమెకూ చీటీ రాయించాలంట. నీకేం బాధే అని అడిగినా. "నువ్వే" అనింది.