పెద్దమ్మ తుడిచేసిన మంచు

గొల్లపల్లి, మంగళవారం రాత్రి

అడవిలో, వాగు ఒడ్డున, కోత అయిపోయిన పొలంలో ఒక్కో గాజు పలక పెట్టాను. రోజూ పొద్దున పలకలు తూచి, ఏ చోట ఎంత తరచుగా మంచు కురుస్తుందో చూడటమే కదా నా పని. ఈ చలికాలమంతా పొలం పలక మాత్రం పొడిగానే ఉంది. అక్కడ మంచు పడదని, ఈ పరిశోధన చేయిస్తున్న సార్‌కు ఫోన్‌లో చెప్పేశాను కూడా.

రోజూ అడవి చూసుకుని, తెల్లారాక పొలానికి వెళ్లేదాన్ని. ఈ రోజు ముందు పొలానికే వెళ్లాను. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. పొలం యజమాని లచ్చమ్మ పెద్దమ్మ వంగి నా పలకను గుడ్డతో తుడుస్తోంది!

"ఏంది పెద్దమ్మా నువ్వు చేసేది?" అని అరిచాను.

"సర్కారు సామాను గద బిడ్డా. మరకలు పడ్తయని రోజూ తుడుస్తున్న," అంది సంబరంగా.

ఏడుపొచ్చింది. ఇంతలో ఆమె గట్టు పక్కకు వెళ్లి గుడ్డ పిండింది. నీళ్లు! మబ్బు తునక కూడా లేని ఆకాశం నుంచి, చప్పుడు లేకుండా దిగిన నీళ్లు. కింద ఒక టమాటా మొక్క. వానలు పోయాక దానంతటదే మొలిచిందట. రోజూ గుడ్డ అక్కడే పిండుతుందట. చుట్టూ నేలంతా బీటలు, అది మాత్రం పూత మీదుంది.

సార్‌కు ఏమని చెప్పాలో ఇంకా తెలియడం లేదు...

రేపటి నుంచి తూకం అయ్యాక పలక నేనే తుడుస్తాను. గుడ్డ మాత్రం అక్కడే పిండాలి.