ముందు పెన్ను, అమ్మమ్మా

జ్యోతీ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి ఈ రోజుకి ఏడాది. దేశం కాని దేశం, ఈ పాపటోయిటోయిలో మన ఇంట్లోనే ప్రార్థన కూటం పెట్టుకున్నాం. కూటానికి వచ్చిన ఒకావిడ బన్నులు చేసి తెచ్చింది.

"గుడ్డు వేశారా సిస్టర్?" అని అడిగాను.

"పిండిలో అసలు వేయలేదక్కా."

ప్రార్థనలో పెట్టిన బన్ను కాదనలేక నీ మిన్నూకి ఇచ్చాను. మెరుపు కోసం పైన గుడ్డుసొన పూసిందని తర్వాత తెలిసింది.

రెండు ముక్కలకే పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఈలలా రాసాగింది. నువ్వు తొడకి గుచ్చడం నేర్పిన అలర్జీ ఇంజెక్షన్ పెన్ను నా పక్కనే ఉంది. నేను మాత్రం మిన్నూ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. ఆరేళ్ల పిల్ల, నా చెయ్యి తీసి తన తొడ మీద పెట్టుకుంది.

"పెన్ ఫస్ట్, అమ్మమ్మా. మమ్మీ సెడ్ సో."

అప్పుడు గుచ్చాను. అంబులెన్స్ వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో నిద్రపోతోంది. గండం గడిచిందన్నారు.

ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు తల్లీ. నువ్వు చెప్పినవాటిలో ఇంకా ఏమేం మర్చిపోయానో నాకు తెలియదు. చెప్పడానికి నువ్వు లేవు. అది లేచాక దాన్నే అడగాలి.

అమ్మ