అన్నయ్యా, ఆ లైటు ఆరిపోయింది

అన్నయ్యా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఆస్టినాబాద్ గ్యారేజీ నేనే నడుపుతున్నాను. పాత బళ్ళే తప్ప, కంప్యూటర్ ఉన్న కొత్త డీజిల్ బళ్ళు ఈ దీవిలో ఎవరూ నా చేతికివ్వలేదు, ఇవాళ్టిదాకా.

పొద్దున తుష్నాబాద్ నుంచి కూరగాయలు తెచ్చే అప్పారావు తన కొత్త ట్రక్కుతో వచ్చాడు. తక్కువ దూరాలే తిరగడంతో పొగగొట్టం సరిగా వేడెక్కక, అందులో పొగని వడగట్టే ఫిల్టర్ మసితో పూడిపోయింది. హెచ్చరిక లైటు వెలుగుతోంది.

"ఓడెక్కించి మద్రాసు పంపాలంటన్నారు కంపెనీవాళ్ళు, దీదీ. ఈలోగా కాయలన్నీ కుళ్ళిపోవా?" అన్నాడు.

ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్‌కి ఆదేశమిచ్చాను. మామూలు కంటే ఆలస్యంగా మరికాస్త డీజిల్ చిమ్మితే, ఆ వేడికి ఫిల్టర్‌లోని మసి కాలిపోతుంది. వేడి మితిమీరితే ఫిల్టరే పగిలిపోతుంది. ఇంజిన్ హోరెత్తింది, గొట్టం సెగలు కక్కింది. నేను తెర మీంచి చూపు తిప్పలేదు.

"బత్తీ బుఝ్ గయీ దీదీ!" లైటు ఆరిపోయిందని సీట్లోంచి అరిచాడు అప్పారావు.

ఆ కబురు అతనే ఊరంతా చాటాడు. సాయంత్రానికి వండూర్ బస్సు మన గుమ్మంలో ఆగింది. నీ పాత స్నేహితుడైన ఆ డ్రైవర్ దిగి, అప్పట్లో నిన్ను పిలిచినట్టే నన్ను పిలిచాడు.

"ఉస్తాద్! మా బండి కూడా జరా దేఖో నా!"