మూడో మనిషి సాలు

కర్నూలు,
డిసెంబరు 4

ప్రియమైన లూర్దక్కకు,

నువ్వు ఒక ఆడపిల్లను బడిలోంచి సాగనంపావు. చెయ్యి ఊపి మరీ సాగనంపావు. ఇకమీదట సేవ, ప్రేమ, కరుణ అనే మాటలు నీ నోట వినడానికి నేను సిద్ధంగా లేను.

నాకెవరు చెప్పారంటావా? ఆ పిల్లే చెప్పింది. నిన్న ఆదోనిలో మీటింగు ముగించుకొని బస్టాండు ముందర టీ తాగుతున్నా. ఎదురుగా ఒక బొలెరో ట్రాలీ. అందులో మూటలు, బిందెలు, కోళ్ల గంప, వాటి మధ్య ఇరుక్కొని మనుషులు. సుగ్గికి పోయే బండి. ఊర్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయే జనం. వాళ్ల నడుమ నీ బడి యూనిఫాం మీద వాళ్ల నాయన స్వెట్టరు తొడుక్కొని ఒక పిల్ల. పేరు శివలీల. పదో తరగతి.

"బడి లేదామ్మా?" అన్నా.

"ఉండాది సార్. నేనే లేను" అనింది.

"మీ హెడ్‌మిస్ట్రెస్ సిస్టరమ్మ ఏమనింది?"

"పోయిరా అనింది. పుస్తకాలు మర్సిపోవద్దనింది."

అంతేనా అక్కా? పోయిరా! గుంటూరు మిరపతోట ఏమైనా మేనమామ ఇల్లా?

మీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ నేను చూశాను. పదో తరగతిలో నూటికి నూరు శాతం. మార్చిలో తప్పుతారనుకున్న పిల్లలు డిసెంబరుకే మాయమైతే నూటికి నూరు రాక ఏమవుతుంది? దుడ్ల కోసం బడి నడిపేవాడు ఈ పని చేస్తే నాకు ఆశ్చర్యం లేదు, వాణ్ణి వేరే లెక్కలో తిడతాను. మీరు అట్లా కాదు కదా. మీ గోడ మీద దీనులకు సువార్త అని రాసి ఉంది. ఆ మాట నిజమైతే ఆ ట్రాలీలో ఉన్న దీనురాలెవరు? అబద్ధమైతే గోడకు సున్నం కొట్టించండి.

మన నాయన చర్చి ఉపదేశిగా కమలాపురం చుట్టుపక్కల సైకిలు మీద తిరిగి పిల్లల్ని బడికి తోలుకొచ్చేవాడు. ఆయన కూతురు తోలుకొచ్చిన పిల్లల్ని తిరిగి బండెక్కిస్తోంది. నాకు దేవుడు లేడు, సరే. నీకున్నాడు కదా, ఆయనకైనా జవాబు చెప్పు.

కోపంతో, అయినా నీ తమ్ముడే,
జయరాజ్


డిసెంబరు 11

ప్రియమైన అబ్బీ జయా,

నీ ఫోను నేను ఎత్తకపోవడం కావాలనే. ఫోనులో నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడే నాకు మాట్లాడే సందు. కాగితం మీదైతే నా మాటకు నువ్వు అడ్డం రాలేవు.

పోయిరా అన్నమాట నిజమే. కానీ పిల్ల పేరు తీసేయలేదు. పరీక్షకు పేరు పంపేసినాను. పోయినేడు నూటికి నూరు వచ్చిందీ ఎవరినీ పంపించి కాదు, చదువు రానివాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టుకొని. ఇది నువ్వు అడగలేదు. నువ్వు అడిగే రకం కాదు, తీర్పు చెప్పే రకం.

బండి వచ్చే ముందు నేను శివలీల ఇంటికి పోయినాను. "సోమన్నా, పిల్లను హాస్టల్లో నా దగ్గర పెట్టు, తిండీ గుడ్డా నేను చూసుకుంటా" అన్నాను. వాళ్లమ్మ లక్ష్మక్క తలుపు దగ్గర నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటోంది. సోమన్న మాత్రం నిదానంగా చెప్పినాడు: "సిస్టరమ్మా, తిండి గురించి కాదు. మేస్త్రీకి ముగ్గురు మనుషులమని మాటిచ్చినా. ముగ్గురికి మూడు సాళ్లు. ఇద్దరమే పోతే మమ్మల్ని బండి దింపుతాడు. నా కూతురు నీకు కావాలంటే మూడో మనిషిని నువ్వియ్యి."

పిల్ల లేకుండానే తిరిగి వచ్చినాను. సోమన్న మాట మాత్రం నాతోనే వచ్చింది. రోజూ పూజలో అందరి అవసరాల కోసం ప్రార్థిస్తాం కదా, ఆ సమయానికి సరిగ్గా వినపడుతుంది. మూడో మనిషిని నువ్వియ్యి.

నువ్వు పళ్లు కొరుకుతుంటావని తెలుసు. బీపీ మాత్రలు మానొద్దు.

ప్రార్థనలతో,
నీ అక్క లూర్దు మేరి


కర్నూలు,
జనవరి 5

ప్రియమైన అక్కకు,

ప్రియమైన అనే మాట రాయడానికి ఈసారి కొంచెం కష్టపడ్డాను.

క్రిస్మస్ ఇంకా రెండు మూడు రోజులుందనగా రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ పలకలేదు. క్రిస్మస్ అయిన రెండో రోజు స్వయంగా మీ బడికి పోయాను. ఆఫీసు పక్కన క్రిస్మస్ పశువులపాక కట్టారు, సీరియల్ లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. గొర్రెపిల్లలకు దూది అతికించారు. నీ కుర్చీ ఖాళీ. "సిస్టర్ ధ్యానానికి పోయినారు" అని నీ బదులు చూస్తున్న సిస్టర్ చెప్పింది. యాడికి అంటే నేల చూసింది.

ధ్యానానికి! మంచిది. పదో తరగతి పిల్ల మిరపతోటలో కళ్లు మండించుకుంటుంటే దాని హెడ్‌మిస్ట్రెస్ కళ్లు మూసుకొని కూర్చోవడానికి పోయింది. మూడో మనిషి మాట వెంటాడుతోందని ముచ్చటగా రాశావే, నిన్ను వెంటాడి కొండ మీది ఆశ్రమానికి తీసుకుపోయిందా? బాధపడటం ఒక పని అనుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. మీ మఠాల్లోనే కాదు, మా సంఘాల్లోనూ ఉన్నారు.

కాబట్టి రాసేశాను. 'నిలదీత' జనవరి సంచికలో, నా పత్రిక కదా, నన్ను ఆపేవాడు లేడు, నాలుగు పేజీలు. పశువులపాకలో క్రీస్తు, ధ్యానంలో సిస్టరమ్మ. నీ పేరు రాయలేదు, బడి పేరు రాయలేదు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది. కాపీ ఇదే కవర్లో పెట్టాను.

స్పందన బాగుంది. మీ పేరెంట్స్ కమిటీ పెద్ద, విత్తనాల షాపు రంగనాథ్, జన్మలో నా పత్రిక ముట్టని మనిషి, కారేసుకొని వచ్చి మిగిలిన కాపీలన్నీ పట్టుకుపోయాడు. "సార్, మీలాంటి వాళ్లు ఉండాల సార్ సమాజానికి" అని చెయ్యి పట్టుకొని ఊపాడు. జనం మారుతున్నారక్కా. మీరే మారడం లేదు.

నీ తమ్ముడు,
జయరాజ్


గుంటూరు వైపు, మిరపతోట,
జనవరి 24

ప్రియమైన అబ్బీ,

నీ మూడు ఉత్తరాలూ, నీ పత్రికా కాన్వెంటు నుంచి ఒక్క కట్టగా ఇక్కడికి వచ్చినాయి. ఇక్కడ అంటే టార్పాలిన్ కింద. క్రిస్మస్ పూజ అయిన మరుసటి రోజు నుంచి నేను శివలీల సాల్లో ఉన్నాను.

కడపలో మా మఠాలన్నిటికీ పెద్దయిన ప్రొవిన్షియల్ మదర్‌ను అడిగినాను. ఏటా ఇచ్చే ధ్యానం సెలవు, ఇన్నేళ్లుగా ఇంటికి పోకుండా మిగిలిన సెలవు, అన్నీ కలిపి ఇచ్చింది. యాడికని గట్టిగా అడగలేదు, నేను గట్టిగా చెప్పలేదు. ధ్యానానికి పోయినానని చెప్పమన్నది నేనే. అది అబద్ధం అనిపించలేదు నాకు.

మొదటి రోజు ఒక్కో కాయకు ఒక్కో మంగళవార్త జపం చెప్పుకుందామనుకున్నా. పది కాయలు కోసేసరికి నడుము తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు. తొడిమతో సహా తుంచాలంట, తొడిమ ఊడితే కాయ చెడుతుంది. నేను కోసినవన్నీ బోడికాయలు. లక్ష్మక్క నా గంపలోకి తొంగిచూసి, "సిస్టరమ్మా, కాయలకు గూడా గుండు కొట్టించినావే!" అనింది. సాలు సాలంతా నవ్వు. రాత్రికి చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచమని చెప్పిందీ ఆమే.

మేస్త్రీ కంబన్నకు మూడు సాళ్లకు ముగ్గురు కనపడితే చాలు. శివలీల గట్టు మీద కూర్చొని చదువుతుంది. మధ్యాహ్నం ఎండకు అందరూ కూలబడినప్పుడు నేను సైన్సు చెప్తాను. గుండె బొమ్మ వేయమంటే వేసి, "దీనికి ఇన్ని గదులెందుకు సిస్టర్, మేం ఐదుగురం ఒక్క గదిలో ఉంటాం" అంటుంది. నవ్వాలో ఏం చేయాలో తెలియదు.

ఇక నీ వ్యాసం. రంగనాథ్ గారు ఆ కాపీలను కడపకు తీసుకుపోయి మదర్ ముందర పెట్టినారు. 'సిస్టర్ బడి వదిలేసి తిరుగుతోందని మేమంటే నమ్మలేదు, ఇదిగో ఆమె సొంత తమ్ముడు, నాస్తికుడు, ఆయనే రాసినాడు' అన్నారంట. తప్పే పిల్లలకు టీసీలు ఇచ్చి పంపేయమని ఆయన రెండేళ్లుగా నన్ను అడుగుతున్నాడు. ఫ్లెక్సీ మీది నూరు కిందికి దిగగూడదు. నేను వినలేదు. నాలుగు పేజీలు నువ్వు రాసిచ్చినావు, ఆయనకు పని సులువైంది.

నన్ను హెడ్‌మిస్ట్రెస్ పని నుంచి తీసేసినారు. సోమవారానికి కడప మఠంలో ఉండాలి. పోతాను. సిస్టర్‌నయ్యేటప్పుడు విధేయత మాటపట్టు ఇచ్చింది నాకు ఇష్టమైన రోజుల కోసం మాత్రమే కాదు. దీని మీద నువ్వు పుస్తకం రాయగలవు, రాయొద్దు.

కోపం లేదు. ఉంది, కొంచెం. నువ్వు రాసిన తీరుకు కాదు. ట్రాలీ ముందర నిలబడి పిల్లతో అంతసేపు మాట్లాడినావే, 'నువ్వు యాడ దిగుతావమ్మా' అని ఒక్క మాట అడగలేదు. దానికి.

సోమవారం నుంచి శివలీల మళ్లీ సాల్లోకి దిగుతుంది. పరీక్ష మార్చి మధ్యలో. దేవుని చిత్తం అని రాయబోయి ఆగినాను. ఇది ఆయన చిత్తం అనుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

నీ అక్క,
లూర్దు మేరి


అదే మిరపతోట,
ఫిబ్రవరి 26

ప్రియమైన లూర్దక్కకు,

నువ్వు కడపకు పోయిన మర్నాడు, మంగళవారానికంతా నేనిక్కడ దిగాను. నీకు చెప్పలేదు. చెబితే ప్రార్థన ఫలించిందంటావని భయం.

సోమన్న నన్ను కిందికీ పైకీ చూసి, "ఏమప్పా, సిస్టరమ్మ పోతే తమ్ముడా? మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉండారు?" అన్నాడు. లక్ష్మక్క నా చేతులు తిప్పి చూసి, "రాసే చేతులు, కాయ నొప్పి పడకుండా కోస్తాడులే" అనింది. నా సాలు సగానికి రాకముందే ఆమె తనది ముగించి అటువైపు నుంచి నా సాల్లోకి దిగుతుంది. రెండో రోజు కాయలు కోసిన చేత్తోనే కన్ను రుద్దుకున్నాను. మైకు లేకుండా అంత గట్టిగా జీవితంలో అరవలేదు. తోటంతా పని ఆపి నవ్వింది. కంబన్న మాత్రం, "ఈయనకు కూలీ వద్దు, ఈ కూత చాలు, పిట్టలు వాలవు" అన్నాడు.

'నిలదీత' ఫిబ్రవరి సంచికలో మొదటి పేజీలోనే నేను రాసింది తప్పని ఇక్కణ్ణుంచే రాసి పంపి అచ్చేయించాను. విచారించకుండా రాశానని, ఒక మనిషిని పడగొట్టడానికి పనికొచ్చేటట్టు రాశానని ఒప్పుకున్నాను. రంగనాథ్ ఒక్క కాపీ కూడా కొనలేదు. మదర్‌కు నేనే పంపాను. మార్చి సంచిక ఆపేశాను. వస్తుందా రాదా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నీ విధేయత మీద నా కోపం అట్లే ఉంది. రమ్మంటే పోయావు. నీ స్థానంలో నేనుంటే కడప మఠం ముందర టెంటు వేసేవాణ్ణి. నీ దేవుణ్ణి ఈ వయసులో నేను ఒప్పుకోను, అది వదిలెయ్యి. కానీ నువ్వు నెలరోజులు నడుము వంచిన చోట నిలబడి రాస్తున్నా. ఇది ధ్యానం కాదని నాలుగు పేజీలు రాయమంటే ఇప్పుడు నాకు చేతకాదు.

అసలు సంగతి వేరే ఉంది. మొన్న రంగనాథ్ సోమన్నకు ఫోను చేశాడు. "పాప మూడు నెలలుగా బడికి రాలేదు. మార్చిలో రాస్తే తప్పుతాది, పరువు పోతాది. ఈసారికి పరీక్షకు రాకుండా ఉండనీ. జూన్‌లో సప్లిమెంటరీ రాపిద్దాం, నేనే ట్యూషన్ పెట్టిస్తా" అని శానా తీయగా చెప్పాడంట. సోమన్న సరేనన్నాడు. పెద్దమనిషి ఫోను చేస్తే ఇంకేమంటాడు? నీ బదులు చూస్తున్న సిస్టర్‌కు ఫోను చేశాను. "కమిటీ వాళ్ల ఇష్టం సార్" అనింది. జూన్‌కు ఈ కుటుంబం ఇంకో బండెక్కి ఇంకో తోటలో ఉంటుంది. జూన్ అంటే ఎప్పటికీ కాదు అనే కదా.

ఆ రాత్రే డిమాండ్ల పత్రం రాశాను. విద్యాహక్కు, వలస, మైనారిటీ విద్యాసంస్థల బాధ్యత, ప్రభుత్వాల నేరం, అన్నీ వచ్చాయి. పొద్దున గట్టు మీద శివలీలకు చదివి వినిపించాను. ఓపిగ్గా వినింది. విని, "బాగుంది సార్. దీంట్లో నేను యాడుండా?" అనింది.

కాగితం వెనక్కి తిప్పి, "నువ్వు చెప్పమ్మా, నేను రాస్తా" అన్నాను. సోమన్న పక్కనే బీడీ తాగుతూ విన్నాడు. అడ్డం చెప్పలేదు. పిల్ల మూడో మాట విన్నాక బీడీ పారేసి, "ఆ రంగనాథ్‌కు నేనే ఫోను చేస్తాలే" అని లేచిపోయాడు.

ఒక కాపీ బడికి, ఒకటి మదర్‌కు పోస్టు చేశాను. మూడోది నీకు. నా మాట ఒక్కటీ కలపలేదు.

నీ తమ్ముడు,
జయరాజ్


శివలీల చెప్పినవి:

1. మార్చి పరీక్ష నేను రాస్తా. మా బడి పేరు మీదనే రాస్తా.

2. సప్లిమెంటరీ గురించి మా నాయనకు ఎవరూ ఫోను చేయగూడదు. చెప్పేదుంటే నాకు చెప్పండి.

3. తప్పితే తప్పినాననే రాయండి. మీ గేటు మీది బోర్డు కోసం నన్ను లేకుండా చేయొద్దండి.

4. సుగ్గికి పోయొచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టగూడదు. వచ్చిన దినమే లోపల కూర్చోబెట్టాల.

5. వచ్చే ఏడు మా చెల్లెలు భువన తొమ్మిదికి వస్తాది. దాని సాలుకు ఎవరు పోతారో ఇప్పుడే చెప్పాల.

6. లూర్దు సిస్టరమ్మను మా బడికి తిరిగి పంపించండి. పెద్ద కుర్చీ లేకపోయినా పర్వాలేదు. సైన్సు చెప్తే చాలు.

7. జయరాజ్ సార్ నా గురించి రాసేదుంటే ముందు నాకు చదివి చూపియ్యాల.

8. పరీక్ష దినం నాతో ఎవరైనా సెంటర్ దాకా రావాల. మా అమ్మకు కుదరదు.