ఆకు జాగ్రత్త

కొత్తపేట,
హైదరాబాద్,
3 సెప్టెంబరు 2011

ప్రియమైన జగన్‌కు,

ఫోన్లో చెబితే "సరే నానమ్మా" అని మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను. పత్తి మోకాలెత్తు దాటింది, గడ్డీ పోటీగా పెరిగిందన్నావు. కలుపు తీయడానికి మనుషులు దొరకకపోతే గడ్డిమందు కొట్టించు. కానీ ఆ మందు పత్తిని గుర్తుపట్టదు. పచ్చగా ఉన్నదాన్నల్లా మాడుస్తుంది. సాళ్ల మధ్య, నేలకు దగ్గరగా, గాలి లేని పొద్దున పడాలి. పంపు నాజిల్‌కు టోపీలా తొడగడానికి ఎర్ర గరాటు పంపుతున్నాను. దాని మీద తెల్ల రంగుతో "ఆకు జాగ్రత్త" అని రాశాను. మన జీతగాడు భిక్షపతికి చదువు రాదు. చదివి చెప్పి, పక్కనే ఉండు.

పంట నిలబెడితే పొలం నీ చేతిలో ఉంటుంది. లేకపోతే కౌలుకిస్తాను.

నీ నానమ్మ,
కౌసల్యమ్మ

చిట్యాల,
23 సెప్టెంబరు

ప్రేమగల నానమ్మకు,

సోమవారం పొద్దుగాల మందు కొట్టించిన. సగం చేను మంచిగనే ఉంది. మిగతా సగం ఆకులు ముడుచుకొని మాడిపోతున్నయి, పూత రాలుతున్నది. నేను పక్కనే ఉన్న. "టోపీ ఏది భిక్షపతీ?" అంటే "ఏమైతది తియ్యి" అన్నడు. గరాటు చెరువుల పారేసిండట. పనిలకెల్లి తీసేసిన. జర కోపం చేయకు. పొలం ఎవ్వరికీ ఇయ్యకు.

నీ మనుమడు,
జగన్

కొత్తపేట,
2 అక్టోబరు

ప్రియమైన జగన్‌కు,

ఆ సోమవారం నువ్వు చేలోనే ఉన్నావా? ఆలోచించి రాయి.

నీ నానమ్మ

చిట్యాల,
9 అక్టోబరు

నానమ్మా,

నీ మీద ఒట్టు. పొద్దంత చేన్లనే ఉన్న.

జగన్

కొత్తపేట,
18 డిసెంబరు

ప్రియమైన జగన్‌కు,

పత్తి ఏరడం అయిపోయిందని విన్నాను. గరాటు తొడిగి కొట్టినంత మేర ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు, తొడగని చోట మూడు. ఇందుకే ముందే జాగ్రత్త చెప్పాను.

ఆ సోమవారం మా రిటైర్డు టీచర్లతో కలిసి నేనూ ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ రాస్తారోకోకు కూర్చున్నాను. లారీ మీద ఒక కుర్రాడు ఎర్ర గరాటు నోటికి పెట్టుకుని "మన నీళ్లు" అని అరిచాడు. "మనకే" అన్నాం. "మన కొలువులు" అన్నాడు. "మనకే" అన్నాం. గొంతు పోయేదాకా అరిచాను. గరాటు మీద నా అక్షరాలు కనబడ్డాక నిన్ను గుర్తుపట్టాను. మందు కొట్టడం అయిపోయే ఉంటుందనుకుని, పక్కావిడకు "మా మనుమడు" అని చూపించాను కూడా.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

రాస్తారోకోకు పోయానని రాసి ఉంటే మరో ఏడాది ఇచ్చేదాన్ని. నిన్న భిక్షపతిని పిలిపించాను. "తప్పు నాదే అనుకోండ్రి టీచరమ్మా, సగం చేను కాంగనే పిలగాడు గరాటు తీస్కొని తెలంగాణ కోసమే పాయె" అన్నాడు. నువ్వు పనిలోంచి తీసేసిన మనిషి అన్న మాట అది.

మన నీళ్లు మనకే, మన కొలువులు మనకే. మన తప్పు మాత్రం భిక్షపతికా?

వచ్చే వానాకాలం నుంచి చేను అతనికే కౌలు. గరాటు తీసుకెళ్లి ఇచ్చిరా. ఇచ్చేముందు దాని మీద ఏం రాసుందో చదివి చెప్పు. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

పట్టాదారు,
కౌసల్యమ్మ