మసి పట్టిన పైపు, చిల్లకల్లు షెడ్డు

2024వ సంవత్సరం నవంబరు నెల 14వ తేదీన, జగ్గయ్యపేట కాపురస్తుడు, చిల్లకల్లు హైవే పక్కన లారీల ఎయిర్ కంప్రెసర్ మెకానిక్, దావీదు గారి కుమారుడు మందా ప్రేమానందం, వయసు 68 సంవత్సరాలు, రాయించిన వీలునామా.

నా బుద్ధి స్థిమితంగా ఉంది. చెవులు ఇంకా బాగున్నాయి. రోడ్డు మీద పోయే టిప్పర్‌లో గాలి ఎక్కడ లీకవుతుందో షెడ్డులో మంచం మీద నుంచే చెప్పగలను. గుండె మాత్రం ఎక్కువ దూరం లాగదని డాక్టరుగారు అన్నారు. అందుకని ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ ఏర్పాట్లు చేస్తున్నాను. వీటిని అమలు జరిపే బాధ్యత నా కూతురు మెర్లిన్‌ది.

1. జగ్గయ్యపేటలోని రెండు గదుల డాబా, పెరడుతో సహా, నా భార్య ఆరోగ్యమ్మకు సర్వహక్కులతో చెందాలి. నలభై ఏళ్ళు నా చొక్కాల ఆయిలు మరకలు ఉతికింది. ఒక్కసారీ విసుక్కోలేదని రాయించమంది. రాయించాను గానీ అది నిజం కాదు.

2. నందిగామలో నర్సుగా చేస్తున్న మెర్లిన్‌కు నా పొడుగు స్క్రూడ్రైవరు. దాని మొన కంప్రెసర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి బేరింగు రొద వినిపిస్తుంది. అమ్మా, నువ్వు మొదటిసారి స్టెతస్కోపు ఇంటికి తెచ్చి నా గుండె విన్నావు. నేను ఈ స్క్రూడ్రైవరుతో నీ గుండె వింటానంటే పడీపడీ నవ్వావు. ఆ నవ్వు గుర్తుగా ఉంచుకో.

3. ఇరవై ఏళ్ళు నాకు సైజు తక్కువ గాస్కెట్లు అంటగట్టి, బిగిస్తే సర్దుకుంటుందిలే అన్న స్పేర్ పార్టుల షాపు చెన్నకేశవరావు గారికి నా కళ్ళజోడు. ఇకనైనా సైజు చదివి ఇవ్వండి. టీ మాత్రం ఎప్పుడూ మంచిదే తెప్పించారు.

4. చిల్లకల్లు షెడ్డు, పనిముట్లు, సబ్బునీళ్ళ డబ్బా ఆరోగ్యమ్మ తమ్ముడు నెహెమ్యాకు చెందాలి. ఎందుకో చెప్పాలి.

పదకొండేళ్ళు ఇద్దరం ఆ షెడ్డులో ఒకే క్యారేజీలో తిన్నాం. బ్రేకులకు గాలి ఎక్కట్లేదని బండి వస్తే ముందు చెవితో వినాలి, తర్వాత జాయింట్లకు సబ్బునీళ్ళు పూసి బుడగలు చూడాలి, ఆ తర్వాత గాలిని ట్యాంకుకు పంపే డెలివరీ పైపు చూడాలి, చివరికే కంప్రెసర్ విప్పాలి. అతనికి ఇది నేర్పింది నేనే. 2006లో ఒక సున్నపురాయి టిప్పర్ కంప్రెసర్‌కు అతను కొత్త పిస్టన్ రింగులు వేశాడు. పది రోజుల్లో బండి తిరిగొచ్చింది. గాలి ఎక్కదు, ట్యాంకులో ఆయిలు. రింగులు తలకిందులుగా వేశావని డ్రైవర్లందరి ఎదుట తిట్టాను. "పైపు విప్పి చూడు బావా," అన్నాడు. నాకే పాఠం చెబుతావా అన్నాను. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు, అక్క చేతి అన్నం తినలేదు.

వారం తిరక్కుండా నేను వేసిన రింగులూ కాలిపోయాయి. అప్పుడు పైపు విప్పాను. లోపల మసి గట్టిపడి అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. గాలికి దారి లేక కంప్రెసర్ వేడెక్కి రింగులను తినేస్తోంది. తప్పు అతనిది కాదు. ఆ సంగతి పద్దెనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ పైపు మా బీరువా వెనక ఉంది. నాకు సిగ్గుగా ఉంది.

5. మా క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం చేసినవాడికి అందులో రాసిన ఆస్తి చెల్లదని లాయరుగారు చెప్పారు. కాబట్టి బయటివాళ్ళనే సాక్షులుగా పిలిచాను. ఇదంతా విన్న ఆరోగ్యమ్మ, "నువ్వు పోయాక చదివితే మా తమ్ముడు ఎవరితో మాట్టాడాలయ్యా?" అంది. పరిటాలలో ఉంటున్న అతనికి కబురు పెట్టాను. నా సంతకానికి ముందు ఇది అతని ఎదుట చదివిస్తాను. అతను విని వెళ్ళిపోయినా షెడ్డు అతనిదే. ఏ కారణం చేతనైనా షెడ్డు అతనికి చెల్లకపోతే మెర్లిన్‌కు చెందాలి.

మొత్తం చదివించుకుని, అన్నది అన్నట్టే ఉందని ఒప్పుకుని చేసిన సంతకం:

(సం.) మందా ప్రేమానందం
జగ్గయ్యపేట, 14-11-2024

సాక్షులు:

1. (సం.) సొలొమోను, టైర్ల షాపు, చిల్లకల్లు

2. (సం.) నెహెమ్యా, పరిటాల. నా చేత్తో రాస్తన్నా. బావా, రింగులు సరిగ్గానే వేశానని నాకు ఎప్పుడూ తెలుసు. నీకూ తెలుసని ఇయ్యాలే తెలిసింది. అది చాలు. షెడ్డు పిల్లకే ఉండనీ, సాక్షి సంతకం నేనే పెడతన్నా. ఆ పైపు పారెయ్యి. అక్క కంచం పెట్టి పిలుస్తంది, తినడానికి పోతన్నా.