గొలుసు తలుపు

శ్రీరామ

నరసాపురం,
శనివారం, 9-8-2003

బంగారు తల్లీ భవ్యా,

ఈ కాగితం మీద అచ్చువేసిన బంగళా బొమ్మ చూసి, అమ్మ ఎక్కడినుంచి రాస్తోందా అనుకుంటున్నావు కదూ. ఎక్కువ మేత కొన్న రొయ్యల రైతులకు కంపెనీ వాళ్ళు ఇక్కడి కొత్త హోటల్లో రెండు రోజుల బస బహుమతిగా ఇచ్చారు. మీ నాన్నగారు నన్నూ తీసుకొచ్చారు. ఈ హోటలు ఒకప్పుడు మా పెదతాతగారి బంగళా. అమ్మేశాక పాతికేళ్ళు గబ్బిలాలు కాపురమున్నాయి. ఇప్పుడెవరో కొని, పాత రూపు చెడకుండా గోడలకు సున్నం పూసి, టేకు స్తంభాలకు మెరుగు పెట్టారు. మాకిచ్చిన గది అప్పటి ధాన్యపు కొట్టు. చిన్నప్పుడు నేను దాక్కున్న మూలలో ఇప్పుడు స్నానాల తొట్టి ఉంది. రాములవారి పటం టీవీ మీద పెట్టి దీపం, అగరువత్తి వెలిగిస్తే, పొగకు అలారం మోగి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు! శ్రావణ శనివారం ఒంటిపూట భోజనమని చెబితే పాపం పళ్ళు తెచ్చిపెట్టారు.

కింద మగవాళ్ళు కూర్చునే పెద్ద సావిడి ఉండేది. దాన్నిప్పుడు క్లబ్ లౌంజ్ అంటున్నారు. అందరినీ రానివ్వరు. మా గదికి రెండు కార్డులిచ్చారు, అవి చూపిస్తే రోజంతా కాఫీలు, కేకులు ఎన్నయినా తినొచ్చట. మీ నాన్నగారు అప్పుడే మూడుసార్లు వెళ్ళొచ్చారు. "నువ్వెందుకులే, అంతా మగాళ్ళే. కావాలంటే గదికి పంపిస్తా" అన్నారు. నా కార్డు కొంగున ముడేసుకుని కూర్చున్నాను.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మా చిన్నప్పుడు మన రాజుల ఇళ్ళలో ఘోషా ఉండేదని నీకు తెలుసు. ఆడవాళ్ళు సావిడిలోకి వెళ్ళకూడదు, మగవాళ్ళకు గొంతు వినబడకూడదు. లోపలి తలుపు వెనక నిలబడి వినడం వరకే. ఎస్సెస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసయ్యాక నన్ను కాలేజీకి పంపాలా వద్దా అని ఆ సావిడిలోనే మాట్లాడుకున్నారు. అమ్మ వంటింట్లో ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. కాళ్ళూ చేతులూ వణుకుతుంటే తలుపు గొలుసు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకున్నాను. అది పూర్తిచేసి కళ్ళు తెరిచేసరికి వాళ్ళు కొబ్బరి తోట కబుర్లలో ఉన్నారు. "వద్దనుకున్నాం" అని నాన్నగారు తర్వాత అమ్మతో చెప్పారు. అంతే. ఆయన పోయేదాకా సేవ చేశాను కానీ, ఆ ఒక్క మాట క్షమించలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళుగా రాములవారికి చెప్పుకుంటూనే ఉన్నాను.

రేపు నాలుగింటికి మీ వెంకటరాజు మామయ్య టీకి వస్తున్నారు. కాకినాడలో రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలో నీకొచ్చిన ల్యాబ్ ఉద్యోగం సంగతి వాళ్ళిద్దరూ లౌంజులోనే తేలుస్తారట. అదే సావిడి, తల్లీ. ఈసారి నేను తలుపు వెనక ఉండను. నా మాట నెగ్గుతుందో లేదో తెలియదు. వెళ్ళడం మాత్రం ఖాయం.

ఆశీస్సులతో,
మీ అమ్మ
నీలవేణి

శ్రీరామ

నరసాపురం,
ఆదివారం, 10-8-2003

భవ్య తల్లికి,

దండకం గదిలోనే చదివేసి కిందికి వెళ్ళాను. గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చున్నావిడ కార్డు అడిగింది. కొంగు ముడి ఎంతకీ రాలేదు. చివరికి ఆవిడే విప్పిపెట్టింది.

నన్ను చూసి మీ నాన్నగారు కప్పు కింద పెట్టేశారు. "ఏంటి, గదిలో ఏవన్నా కావాలా?"

"ఏమీ వద్దండి. టీ తాగడానికొచ్చాను."

మీ మామయ్య నవ్వారు. "రా అమ్మా, కూర్చో. బావగారూ, ఘోషా బయటికొచ్చేసిందండోయ్!"

కూర్చున్నాను. మీ నాన్నగారు నా వంక చూడకుండా మాట కొనసాగించారు. "రొయ్య పిల్లలు కొనడానికి మనం వెళ్ళే చోట మన పిల్ల జీతానికి ఉంటుందా? రేపు చెరువు గట్టు మీద నలుగురూ ఏమంటారు?"

"భీమవరంలో విశ్వనాథరాజు గారి అమ్మాయి చేస్తున్నదీ ఈ ఉద్యోగమేనండి. ఆ అమ్మాయి పరీక్ష చేస్తేనే రొయ్య పిల్ల మంచిదంటారు" అన్నాను. "నన్ను ఆపినట్టు దాన్ని ఆపనివ్వను. ఆనాడు ఈ సావిడిలోనే నాన్నగారు నా చదువు కాదన్నారు."

మీ మామయ్య మొహంలో నవ్వు పోయింది. "నాన్నగారా? ఆయన సరేనన్నారమ్మా. నరసాపురం కాలేజీ ఫారం తెచ్చింది నేనే కదా. ఆనవాయితీ ప్రకారం 'లోపల ఏమంటారు?' అని అడిగారు. చప్పుడు లేకపోతే ఇష్టమని, గొలుసు మోగితే కాదని పెద్దవాళ్ళ పద్ధతి, నీకు తెలిసుండదు. గొలుసు గలగలా మోగింది. ఆడవాళ్ళకి ఇష్టం లేదు, బలవంతం ఎందుకని ఊరుకున్నారు. ఆ ఫారం చాలారోజులు ఆయన బల్ల మీదే ఉంది."

భవ్యా, ఆ గొలుసు పట్టుకుంది నేనే. దండకంలో మునిగి ఆ ప్రశ్న వినలేదు. వణికిన చెయ్యి జవాబు చెప్పేసింది. నాన్నగారు అమ్మ కాదందనుకున్నారు, అమ్మ నాన్నగారు కాదన్నారనుకుంది. ఒకరినొకరు అడగనే లేదు. ఆయన మీద అన్నేళ్ళు కోపం పెట్టుకుని పూజలు చేశాను. ఇంటికెళ్ళగానే ఆయన ఫోటో ముందు కూర్చుని అన్నీ చెప్పుకోవాలి.

వాళ్ళకు జరిగింది చెప్పాను. అప్పుడు మీ మామయ్య మెల్లగా, అచ్చం నాన్నగారిలాగే, "మరి ఇప్పుడు లోపల ఏమంటారు?" అని అడిగారు.

"లోపలెవరూ లేరన్నయ్యగారూ. నేనిక్కడే ఉన్నాను. పంపుదామంటున్నాను."

మీ నాన్నగారు కప్పులో పంచదార వేసి చాలాసేపు కలిపారు. అది నా కప్పు. "ఎప్పుడు చేరాలంట?" అన్నారు.

"ఇరవై ఒకటినండి."

"బస్సులో వద్దు. నేనే దింపుతా. ఆ హేచరీ వాడు నీళ్ళు సరిగ్గా మారుస్తున్నాడో లేదో కూడా చూసొస్తా."

మనిషి మారాడనుకోకు. దారి పొడుగునా సణుగుతారు. నువ్వు ఊఁ కొట్టు చాలు. ఎవరైనా నిన్నేదైనా అడిగితే మాత్రం నోరు తెరిచి చెప్పు తల్లీ.

లేచి వచ్చేటప్పుడు ఆ తలుపు చూశాను. ఇత్తడి గొలుసును మెరిసేలా తోమి, పక్కన "ముట్టుకోవద్దు" అని బోర్డు పెట్టారు.

నేను ముట్టుకోలేదు.

ఆశీస్సులతో,
మీ అమ్మ
నీలవేణి